ఐటీసీలో హోటళ్లు వేరుపడ్డాయి, కాగితం ఉండిపోయింది: ఏది మేలు?

2025 జనవరిలో నా డీమ్యాట్ అకౌంట్‌లో రెండు కొత్త షేర్లు కనిపించాయి. పేరు ఐటీసీ హోటల్స్, ఐటీసీ నుంచి అప్పుడే వేరుపడిన హోటళ్ల కంపెనీ. నా దగ్గరున్నవి 25 ఐటీసీ షేర్లు. పదికి ఒకటి లెక్కన రెండున్నర రావాలి. అర షేరు ఎవరూ ఇవ్వరు కాబట్టి దాని తాలూకు డబ్బు తర్వాత బ్యాంకులో పడింది. అన్నదమ్ముల పంపకాల్లో ఒక బిందె మిగిలిపోతే అమ్మేసి తలా ఇంత పంచుకున్నట్టు.

అప్పటి నుంచి తెలిసినవాళ్లు అడిగేది ఒకటే. నాలుగైదు వ్యాపారాలున్న కంపెనీ ఒకే గొడుగు కింద ఉంటే మేలా, ఎవరి కుంపటి వాళ్లు పెట్టుకుంటే మేలా? అన్నిటికీ కలిపి ఒక జవాబు లేదు. నేను చూసేది ఒక్కటే: ఒక వ్యాపారం బయటికి పోతే మిగతావాటికి ఏదైనా ఇబ్బంది ఉంటుందా? ఐటీసీలోనే దీనికి రెండు రకాల జవాబులూ దొరుకుతాయి.

1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీగా పుట్టింది. కొద్దికాలంలోనే ఆకు కోసం గుంటూరు జిల్లాకు వచ్చింది. చీరాల, అనపర్తి వైపు దాని పొగాకు విభాగాన్ని ఇప్పటికీ ఐఎల్‌టీడీ (ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్) అనే అంటారు. సిగరెట్లకు పెట్టెలు కావాలి, 1925లో ప్యాకేజింగ్ మొదలైంది. పెట్టెలకు అట్ట కావాలి, 1979లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ వచ్చింది. రైతుల దగ్గర ఆకు కొనడం వచ్చినవాళ్లకు గోధుమలు కొనడం ఎంతసేపు? 2000లో రైతుల దగ్గర నేరుగా పంట కొనే ఈ-చౌపాల్ కంప్యూటర్ కేంద్రాలు, 2002లో ఆశీర్వాద్ పిండి. పేరు కూడా ఇండియా టొబాకో, తర్వాత ఐ.టి.సి., 2001లో చుక్కలు కూడా పోయి ఐటీసీ అయింది. పేరులోంచి పొగాకును తీసేశారు గానీ లాభంలోంచి తీయలేకపోయారు. ఇప్పటికీ నాలుగింట మూడొంతులకు తగ్గకుండా లాభం సిగరెట్లదే.

ముందు కాగితం సంగతి చూద్దాం. కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లేవాళ్లు గోదావరి వంతెన ఎక్కేముందు సారపాక దాటాలి. జామాయిల్, సుబాబుల్ కర్ర నింపుకున్న లారీలు ఎదురైతే ఫ్యాక్టరీ దగ్గరపడిందని అర్థం. ఇది మొదట విడి కంపెనీ. 2002లో ఐటీసీ దాన్ని తనలో కలిపేసుకుంది. హోటళ్లు ఏ దారిన బయటికి పోయాయో, కాగితం ఆ దారిన లోపలికి వచ్చిందన్నమాట. అక్కడి అట్ట సిగరెట్ పెట్టెలకు పోతుంది, కాగితం నోటుపుస్తకాలకు పోతుంది. త్వరగా ఎదిగే జామాయిల్ క్లోన్లను కంపెనీయే తయారుచేసి ఖమ్మం చుట్టుపక్కల రైతులకు అలవాటు చేసింది. మొక్క నాటిన నాలుగేళ్లకు గానీ కర్ర చేతికి రాదు. అంతకాలం ఓపిక పట్టాలంటే వెనకాల ఎప్పుడూ డబ్బున్న అన్న ఒకడు ఉండాలి. చైనా నుంచి చౌక సరుకు దిగి, కర్ర ధర పెరిగి ఈమధ్య కాగితం లాభాలు బాగా దెబ్బతిన్నాయి. విడి కంపెనీ అయితే ఇలాంటప్పుడు ఖర్చులు బిగించుకుని కూర్చునేది. ఐటీసీ మాత్రం ఇదే గడ్డుకాలంలో, 2025 మార్చిలో, ఉత్తరాఖండ్‌లోని సెంచురీ పల్ప్ అండ్ పేపర్‌ను సుమారు 3,500 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. కాగితాన్ని వేరుచేయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

హోటళ్లది వేరే కథ. 1975లో మద్రాసులో మొదలైంది. మన దగ్గర బేగంపేటలో కాకతీయ, మాదాపూర్ వైపు కోహెనూర్, ఆకు కొనడానికి వచ్చిన గుంటూరులోనే 2022లో వెల్‌కమ్ హోటల్. భవనాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. లెక్కలు చూసినా తిరుగుతాయి, కాకపోతే ఇంకో రకంగా. స్థలం, కట్టడం, పాలరాయి, ఆపైన లాభం మొహం చూడటానికి ఏళ్లకేళ్లు. హోటళ్ల చెఫ్‌ల అనుభవం ప్యాకెట్ ఫుడ్‌కు పనికొచ్చింది, నిజమే. దానికి ఒక ఒప్పందం చాలు. కూర వండించుకోవడానికి వంటమనిషి ఇల్లు కూడా కట్టించాలా?

నా మాట నమ్మకపోతే పన్ను లెక్క చూడండి. విభజన తర్వాత మనం షేరు కొన్న ఖరీదును రెండు కంపెనీలకూ పంచుకోవాలి. అది మార్కెట్ ధరను బట్టి కాదు, ఆస్తుల పుస్తక విలువను, అంటే కంపెనీ ఖాతాల్లో రాసుకున్న విలువను బట్టి. ఐటీసీకి 86.49 శాతం, హోటల్స్‌కు 13.51 శాతం అని తేలింది. అంటే 400 రూపాయల చొప్పున పది షేర్లు కొన్నవాడికి ఖరీదు 4,000. అందులో 540 రూపాయలు ఆ ఒక్క హోటల్ షేరుది. అది జనవరి 29న ఎన్‌ఎస్‌ఈ స్టాక్ మార్కెట్‌లో మొదలైంది 180 దగ్గర! పుస్తకాల లెక్కన ఆ షేరు మీద పడ్డ ఖరీదులో మార్కెట్ ఇచ్చింది మూడోవంతే. వేరుపడటం మేలు అనడానికి ఇంతకన్నా ఏం కావాలి? నన్నడిగితే పదేళ్లు ఆలస్యమైంది. కరోనాలో గదులన్నీ ఖాళీగా ఉన్నప్పుడు సిగరెట్ డబ్బే కాపాడిందని కొందరంటారు. అది హోటళ్లకు మేలు, వాటాదారుకు కాదు. హోటల్స్‌లో 40 శాతం వాటా ఐటీసీ తన దగ్గరే ఉంచుకోవడం కూడా నాకు సగం తెగిన ముడిలాగే అనిపిస్తుంది. ఐటీసీలో అతిపెద్ద వాటాదారైన బ్రిటిష్ అమెరికన్ టొబాకో అయితే హోటల్ చైన్‌లో దీర్ఘకాలం ఉండే ఆసక్తి తనకు లేదని ముందే చెప్పేసింది.

పూర్తిగా ముక్కలు చేయడమే గొప్ప అనేవాళ్లు జనరల్ ఎలక్ట్రిక్‌ను చూపిస్తారు. 1892 నాటి అమెరికా కంపెనీ, బల్బు నుంచి విమానం ఇంజిన్ దాకా. ఒకప్పటి సీఈఓ జాక్ వెల్చ్ హయాంలో దాని ఫైనాన్స్ విభాగం, జీఈ క్యాపిటల్, మిగతావాటి ఎత్తుపల్లాలన్నీ కప్పేసేది. 2008లో ఆ దుప్పటి జారింది. 2018లో అమెరికా పెద్ద కంపెనీల డౌ జోన్స్ సూచీ నుంచే బయటికి పోయింది. అదే ఏడు బయటి నుంచి సీఈఓగా వచ్చిన లారీ కల్ప్ ముందు అప్పు తీర్చే పనిలో పడ్డాడు. బయోఫార్మాను డానహర్‌కు, విమానాల లీజింగ్‌ను ఎయిర్‌క్యాప్‌కు అమ్మాడు. ఆ తర్వాతే కత్తి తీశాడు. 2023 జనవరిలో హెల్త్‌కేర్, 2024 ఏప్రిల్‌లో కరెంటు యంత్రాల వెర్నోవా, విమాన ఇంజిన్ల ఏరోస్పేస్ వేరుపడ్డాయి. వెర్నోవా షేరు ఏడాదిన్నరలోపే మూడింతలు దాటింది. అయితే ఆ ఘనత విభజనదేనంటే ఒప్పుకోలేను. ఏఐ డేటా సెంటర్లకు కరెంటు చాలక గ్యాస్ టర్బైన్లకు గిరాకీ పెరగడం అదృష్టం. విభజన వల్ల ఖాయంగా జరిగిన మేలు ఒకటుంది: ఇక ఒకరి నష్టం ఇంకొకరి లాభం వెనక దాక్కోలేదు.

మనుషుల కోసం కోసే విభజన మూడో రకం, అన్నిట్లోకీ అధ్వానం. 2005లో రిలయన్స్ అన్నదమ్ములు పంచుకున్నారు. అన్నకు గ్యాస్, తమ్ముడికి కరెంటు. కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకు చేరే గ్యాస్ తమ్ముడి ప్లాంటుకు యూనిట్ 2.34 డాలర్లకు ఇవ్వాలా, ప్రభుత్వం చెప్పిన 4.20కా అని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2010లో ప్రభుత్వ ధరే గెలిచింది. ఒకదాని సరుకు ఇంకోదానికి ప్రాణమైనచోట మధ్యలో కోశారు మరి.

ఇక మిగిలింది పిండి, బిస్కెట్లు, నూడుల్స్. వీటినీ విడదీయాలని కొందరి గోల. పొగాకు షేరు ముట్టని ఫండ్లు కూడా అప్పుడు కొంటాయట. కొంటాయేమో. కానీ కొత్త ఫ్యాక్టరీ కట్టాల్సి వస్తే ఆ విభాగం తన లాభంతోనే కట్టుకోగలదా, ఇంకా సిగరెట్ల వైపు చెయ్యి చాపుతోందా? నేను వార్షిక నివేదికలో వెతికేది ఆ ఒక్క అంకెనే. చెయ్యి చాపడం ఆగిన ఏడాది నేనూ ఆ గోల చేసేవాళ్లలో కలుస్తాను.