తరచూ వచ్చే నంబర్లా, మొహం చాటేసిన నంబర్లా?

మన రాష్ట్రంలో లాటరీ లేదు కదా, అందుకే కాగితం మీదే ఆడాం. విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ పందెం వేసుకుని, మా బావా నేనూ బ్రిటన్‌లో 1994 నుంచి 2015 దాకా నడిచిన లాటరీ (49 నంబర్ల బంతుల్లోంచి 6 తీసే ఆట) ఫలితాలు ఎక్సెల్‌లో ఎక్కించాం. బావవి ఎక్కువసార్లు వచ్చిన నంబర్లు. నావి చాన్నాళ్లుగా రానివి, "ఇక రాకేం చేస్తాయి" అని.

మొదట బావ అదరగొట్టాడు. తీరా చూస్తే, నంబర్లు ఏరిన ఫలితాల మీదే పరీక్షించాడు! జవాబులు చూసి పరీక్ష రాసినట్టు. ముందు సగంలో ఏరి, రెండో సగంలో చూడమన్నాను. ఆధిక్యం ఆవిరి. ఎలా ఎంచినా ఆరు నంబర్ల టికెట్‌కి సగటున 6×6/49, అంటే 0.73 నంబరే కలుస్తుంది.

నాది మరీ అన్యాయం, బంతికి జ్ఞాపకం ఉండదుగా. బావ పద్ధతికి కనీసం ఒక సాకుంది: బంతుల బరువులో తేడా ఉంటే అది బయటపెట్టొచ్చు.