రూట్ కొనాలా, టెర్రా మిస్టికా కొనాలా?

పులిజూదం ఆడినవాళ్లకి ఈ రకం ఆట కొత్తేం కాదు. అరుగు మీద సుద్దముక్కతో గీసిన గీతలు, ఒకవైపు 3 పులులు, ఇంకోవైపు 15 మేకలు. పులి దూకి చంపుతుంది. మేక దూకలేదు, అన్నీ కలిసి పులి కదలకుండా దారి మూసేస్తేనే వాటి గెలుపు. పటం ఒకటే, ఇద్దరి పనీ వేరు. ఆ తేడాని నాలుగైదు వర్గాల దాకా పెంచి, ఓ ఊహాలోకంలో పెట్టిన బోర్డ్ గేములు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో ముందు ఏది కొనాలని నన్ను ఎక్కువగా అడిగేది ఈ రెండిటి గురించే. రెండూ నాకు ప్రాణం. కానీ అడిగిన అందరికీ ఒకే పేరు చెప్పను.

రూట్ 2018లో వచ్చింది. తెచ్చింది అమెరికాలోని లెడర్ గేమ్స్, రూపొందించింది కోల్ వెర్లీ. పెట్టె మీది ముద్దొచ్చే జంతువుల బొమ్మలు చూసి పిల్లల ఆట అనుకోకండి, లోపల ఉన్నది గట్టి యుద్ధం. అడవిలో నక్క, కుందేలు, ఎలుక గుర్తుల్లో ఏదో ఒకటి ఉన్న 12 బయళ్లు, వాటి మధ్య దారులు, ముందు 30 పాయింట్లు చేరినవాళ్లదే గెలుపు. పిల్లుల సైన్యం ఆట మొదలయ్యేసరికే ఒక్క మూల తప్ప అడవంతా పరుచుకుని ఉంటుంది. ఆ మూలలో ఉన్న పక్షుల వంశం పోయిన రాజ్యాన్ని మళ్లీ గెలుచుకోవాలి. తిరుగుబాటుదారులకి మొదట్లో పటం మీద ఒక్క సైనికుడూ ఉండడు. వాళ్ల మీద సానుభూతి ఉన్న బయల్లోకి ఎవరైనా సైన్యంతో అడుగుపెడితే ఆ బయలు గుర్తున్న కార్డు ఒకటి వాళ్లకి సమర్పించుకోవాలి, ఆ కార్డులే రేపటి తిరుగుబాటుకి బలం. ఇక దేశదిమ్మరి ఒక్కడే. సంచిలో సామాన్లతో అడవిలో తిరుగుతూ ఒకళ్లకి సాయం చేస్తాడు, ఒకళ్లని కొడతాడు.

వీటిలో నాకు బాగా నచ్చేది పక్షులు. వాళ్ల ముందు ఒక ఫర్మానా ఉంటుంది, ప్రతి వంతులో దానికి ఒకటో రెండో కార్డులు చేర్చాల్సిందే, చేర్చినవన్నీ ప్రతిసారీ అమలు చేయాల్సిందే. ఓసారి మా బావ పక్షులతో 23 పాయింట్ల మీద ఉన్నాడు. ఫర్మానాలోని యుద్ధం గడిలో నక్క కార్డు ఉంది, అంటే నక్క గుర్తున్న బయల్లో యుద్ధం చేసి తీరాలి. పిల్లులు ఆడుతున్న అక్క ఏమీ మాట్లాడకుండా అతని సైన్యం చేరగల నక్క బయళ్లలోంచి తన సైనికుల్ని వెనక్కి తీసేసుకుంది. బావకి కొట్టడానికి శత్రువే లేడు. యుద్ధం చేయలేకపోయాడు కాబట్టి ఫర్మానా కూలింది. మొదటి నుంచీ ఫర్మానాలో ఉండే వజీర్ల కార్డులు రెండిటితో కలిపి అందులో నాలుగు పక్షి కార్డులున్నాయి, నాలుగు పాయింట్లు పోయాయి, రాజు దిగిపోయాడు, ఫర్మానా అంతా మళ్లీ మొదటి నుంచి. శత్రువుని తప్పించుకోవడమే దెబ్బ కొట్టడం అయ్యే ఆట నేను ఇంకోటి చూడలేదు.

అయితే ఒకటి గమనించండి. అక్క ఆ ఎత్తు వేయగలిగిందంటే పక్షుల నియమాలు ఆమెకి బాగా తెలుసు కాబట్టే. రూట్‌లో మన వర్గం ఒక్కటే నేర్చుకుంటే చాలదు, మిగతా మూడూ ఎలా గెలుస్తాయో తెలియాలి. ముందుకెళ్తున్నవాణ్ణి ఆపే బాధ్యత కూర్చున్న నలుగురిదీ. దేశదిమ్మరిని పాపం ఒంటరివాడని ఎవరూ ముట్టుకోకపోతే చివర్లో అందరినీ దాటిపోతాడు. మొదటి రెండు ఆటల్లో ఇది దాదాపు ప్రతిచోటా జరుగుతుంది. పెట్టె మీద 60 నుంచి 90 నిమిషాలని ఉంటుంది కానీ, కొత్తవాళ్లతో మూడు గంటలు పెట్టుకోండి.

టెర్రా మిస్టికా 2012 నాటిది, జర్మనీలోని ఫోయర్‌లాండ్ స్పీలె తెచ్చింది. 2013లో డాయిచర్ స్పీలె ప్రైస్ అనే జర్మన్ ఆటల అవార్డు గెలుచుకుంది. ఇందులో యుద్ధం లేదు, పాచికలు లేవు, నువ్వు కట్టిన ఇల్లు ఎవడూ కూల్చలేడు. మంత్రగత్తెలు, మరుగుజ్జులు, జలకన్యలు, రాక్షసకాయులు ఇలా 14 వర్గాలు. ఒక్కొక్కళ్లకీ ఒక రకం నేలే పడుతుంది, పక్క నేలని తవ్వి తమకి పనికొచ్చేలా మార్చుకోవాలి. ఉన్నవి 6 రౌండ్లే.

ఇందులో నన్ను కట్టిపడేసేది పొరుగు. వర్తకుల ఇల్లు ఒంటరిగా కడితే చాలా వర్గాలకి 6 నాణేలు, పక్కన వేరేవాళ్ల ఇల్లుంటే 3 చాలు. కానీ నువ్వు కట్టినప్పుడల్లా ఆ పక్కింటివాడికి శక్తి వస్తుంది. శక్తి అంటే ఊదారంగు బిళ్లలు, అవి ఒక గిన్నెలోంచి రెండో గిన్నెలోకి, అక్కణ్ణుంచి మూడో దాంట్లోకి జరుగుతాయి, మూడో గిన్నెలోవే ఖర్చుకి పనికొస్తాయి. అంటే దగ్గరికెళ్తే లాభం, ఆ లాభంలో వాడికీ వాటా. తనకొచ్చే శక్తి ఒకటికి మించితే దాని కోసం అతను కొంచెం పాయింట్లు వదులుకోవాలి, అది తీసుకోనా వద్దా అని ఆలోచించే ఆ అరనిమిషం టెన్షన్ బాగుంటుంది.

వర్గాల మధ్య తేడా ఇక్కడ ఎవరి బోర్డు మీద వాళ్లకే ఉంటుంది. నా లెక్క నేను సరిగ్గా చేసుకుంటే చాలు, పక్కవాడి నియమాలు పైపైన తెలిసినా ఆట నడుస్తుంది. అందుకే నేర్పడం తేలిక. లోటు కూడా అక్కడే ఉంది. కొన్ని వర్గాలు మిగతావాటికంటే బలమైనవని బాగా ఆడేవాళ్లందరికీ తెలుసు, బలమైనదాన్ని పట్టినవాణ్ణి లాగి కింద పడేసే మార్గం పెద్దగా ఉండదు. అందుకే చాలామంది ముందే పాయింట్లతో వేలం పాడుకుని వర్గాలు పంచుకుంటారు. రూట్‌లో ఆ సర్దుబాటు పటం మీదే, కళ్లముందే జరుగుతుంది.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే: నీతో కూర్చునేదెవరు? అదే నలుగురు కనీసం ఐదారు సార్లు కలుస్తారంటే కళ్లు మూసుకుని రూట్ కొను. నాలుగో ఆట నుంచి అది ఇచ్చేది టెర్రా మిస్టికా ఇవ్వలేదు. పండక్కొచ్చిన చుట్టాలు, ఎప్పుడూ మారే స్నేహితులు, కొట్టారని అలిగేవాళ్లు ఉంటే టెర్రా మిస్టికానే మేలు. ఇంట్లో ఇద్దరే అయినా అదే తీసుకో. రూట్ మొదటి పెట్టెతో ఇద్దరే ఆడితే చప్పగా ఉంటుంది, ఒకళ్లనొకళ్లు ఆపడానికి మూడోవాడు ఉండాలి.

ఏది కొన్నా మొదటి రోజు వర్గాలు చీటీలు వేసి పంచకండి. టెర్రా మిస్టికాలో కొత్తవాళ్లకి మంత్రగత్తెల్నో సంచారజాతినో ఇవ్వండి. రూట్‌లో కొత్తవాళ్లకి పిల్లుల్నివ్వండి, తిరుగుబాటుదారుల్ని మీరు తీసుకోండి, ముగ్గురే ఉంటే దేశదిమ్మరిని ఆ రోజుకి పెట్టెలోనే ఉంచేయండి.