జీతం డబ్బుకు ఏది మేలు: క్రిప్టోనా, సిప్పా, చీటీనా?

తిరుపతిలోనూ, రేణిగుంట కర్మాగారాల్లోనూ పనిచేసే ఉద్యోగికి నెలాఖరున అయిదు వేలో పది వేలో మిగిలితే, ఆ డబ్బు ముందు మూడు దారులు కనిపిస్తాయి: తెలిసినవారి చీటీ, మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలనెలా కొంత సొమ్మును ఫండ్‌లో పెట్టే పద్ధతి), ఫోన్‌లో కొనే డిజిటల్ నాణేలు, అంటే క్రిప్టో. వీటిని లాభాల శాతంతో కాక, ఏది మన మనసును ఎటు లాగుతుందో చూసి పోల్చాలని నా అభిప్రాయం.

క్రిప్టోలోకి చాలామంది వచ్చేది ధర బాగా పెరిగి, తోటివారంతా దాని గురించే మాట్లాడుతున్నప్పుడు. 2021 నవంబరులో క్రిప్టో నాణేల్లో పేరున్న బిట్‌కాయిన్ ధర దాదాపు 69 వేల డాలర్లకు చేరింది. ఏడాది తిరిగేసరికి 16 వేల దరిదాపులకు పడిపోయింది. ఆ పై ధరల్లో కొన్న నా సహోద్యోగి ఒకరు, పడుతున్నంత కాలమూ "కొన్న ధర వస్తే చాలు, అమ్మేస్తాను" అంటూనే ఉన్నారు. ఆయనది తెలివితక్కువతనం కాదు. పొందిన లాభం ఇచ్చే ఆనందం కంటే అంతే నష్టం కలిగించే బాధ పెద్దదని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లోనే వివరించారు. ఆ బాధను ఒప్పుకోలేకే మనం పెరిగినదాన్ని తొందరగా అమ్మి, తరిగినదాన్ని పట్టుకుని కూర్చుంటాం. షేర్లలోనూ ఈ బలహీనత ఉన్నదే. అయితే షేర్ మార్కెట్ మధ్యాహ్నం మూడున్నరకు మూతపడుతుంది, క్రిప్టోకు మూత లేదు. రాత్రి షిఫ్టు విరామంలో రెండు గంటలకు కూడా ధర చూసి, ఆ కంగారులోనే అమ్మవచ్చు, కొనవచ్చు.

పన్ను సంగతి దీన్ని మరింత బరువు చేస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది, ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకునే వీలు లేదు. ఒకదానిలో 50 వేలు గెలిచి, మరొకదానిలో 50 వేలు పోగొట్టుకున్నవారికి చేతిలో ఏమీ మిగలకపోయినా, సెస్సు కాక 15 వేలు పన్ను కట్టాలి. తమ అంచనాపై అతి నమ్మకంతో మాటిమాటికీ కొని అమ్మేవారికే ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది.

చీటీలో మనల్ని నిలబెట్టేది నలుగురి ఎదుటా మాట పడకూడదన్న పట్టుదల. ఒంటరిగా పొదుపు చేయలేనివారికి అది నిజంగా మేలు చేస్తుంది. కానీ నమోదు లేని చీటీలో ఆ నమ్మకమే ముప్పు. "అందరూ వేస్తున్నారు కదా" అనే ధైర్యం క్రిప్టోలో ఎంత బలహీనమో ఇక్కడా అంతే. 1982 చిట్ ఫండ్ల చట్టం కింద నమోదైనదైతేనే వేయాలి.

సిప్‌లో నిర్ణయం ఒక్కసారే. తర్వాత తేదీ వస్తే ఖాతా నుంచి సొమ్ము తనంతట తానే వెళుతుంది, ధర పడిన నెలలో అదే సొమ్ముకు యూనిట్లు, అంటే ఫండ్‌లో మన వాటాలు, ఎక్కువ వస్తాయి. 2020 మార్చిలో లాగా మార్కెట్ కూలినప్పుడు భయపడి ఆపేయడమే ఇందులో పొరపాటు.

కాబట్టి పదేళ్ల తర్వాతి అవసరానికి సిప్, రెండేళ్లలో రానున్న పిల్లల ఫీజుకు నమోదైన చీటీ మేలని నేను చెబుతాను. అప్పు ఉన్నవారు, ఆరు నెలల ఖర్చుకు సొమ్ము దాచుకోనివారు క్రిప్టో జోలికి పోవద్దు. అయినా కొనాలనుకుంటే, ఎంత పెడతారో, ఏ ధరకు అమ్ముతారో కొనకముందే కాగితంపై రాసుకుని, వచ్చే జీతం రోజు వరకు ఆగి చూడండి; ధర పెరుగుతోందన్నది కాక కొనడానికి మరో కారణం అప్పటికీ చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి.