బాగుచేసి పాడుచేశారు: పాత రికార్డుల్లో స్టీల్ గిటార్ వినడానికి నేను వాడే యాప్

పాటలోంచి గొంతునీ వాద్యాలనీ విడదీసే యాప్‌లు ఇప్పుడు బోలెడున్నాయి. నేను వాడేదాని పేరు చెప్పను, కింద తిట్టబోతున్నాను కాబట్టి. ధరెంత, కరావోకేకి పనికొస్తుందా, డ్రమ్స్ ఎంత శుభ్రంగా వస్తాయి లాంటివి వేరేచోట చదువుకోవచ్చు. నేను దీన్ని కొన్నది ఒక్క పనికి, ఒక్క బటన్ కోసం. పాత రికార్డుల్లో స్టీల్ గిటార్ వాయిస్తున్నది ఎవరో చెవితో పోల్చుకోవాలి. దానికి 'గొంతు మాత్రమే' అనే బటన్ ఎంత సాయం చేసిందో, తర్వాత ఏం చేసిందో చెప్తాను.

ఈ పిచ్చి లేనివాళ్ళ కోసం ముందుగా రెండు ముక్కలు. పాత అమెరికన్ కంట్రీ రికార్డుల లేబుల్ మీద గాయకుడి పేరుంటుంది, పాట రాసినవాళ్ళ పేరుంటుంది. వెనకాల స్టీల్ వాయించినవాడి పేరు సాధారణంగా ఉండదు. బాబ్ విల్స్ లాంటి మంచి బృందనాయకుడైతే పాట మధ్యలోనే "టేక్ ఇట్ అవే, లియాన్" అని కేకేసి లియాన్ మెకాలిఫ్‌ని పరిచయం చేసేస్తాడు, మనకి పని తప్పుతుంది. మిగతాచోట్ల వినడమే దారి. వింటే దొరుకుతారు కూడా. ఈ వాద్యంలో తీగని వేలితో మెట్టు మీదికి నొక్కడం ఉండదు. తీగలమీద బార్ అనే ఇనప కడ్డీ పెట్టి జరుపుతారు. ఎక్కడ ఆగాలి, ఆగాక ఎంతసేపటికి వణికించాలి, ఎంత వెడల్పుగా వణికించాలి అన్నది పూర్తిగా ఎడమచేతి ఇష్టం. మన కర్ణాటక సంగీతంలోని జారు, కంపితం అనే గమకాలు అలవాటైన చెవికి ఆ తేడాలు తొందరగానే పట్టుబడతాయి. చిక్కల్లా ఫిడేలు, పియానో, రిథమ్ గిటార్ అన్నీ ఒకే మైకులో కలిసిపోయి ఉండటం.

హాంక్ విలియమ్స్ పాటలతో మొదలుపెట్టాను, జవాబు ముందే తెలుసు గనక. 1948 డిసెంబరులో సిన్సినాటిలో రికార్డు చేసిన 'లవ్‌సిక్ బ్లూస్'లో స్టీల్ జెర్రీ బర్డ్‌ది. 1952లో నాష్‌విల్‌లో చేసిన 'యువర్ చీటిన్ హార్ట్'లో డాన్ హెల్మ్స్‌ది. గాయకుడు ఒకడే. ఇద్దరివీ పెడల్స్ (కాలితో నొక్కి తీగల శ్రుతి మార్చేవి) లేని గిటార్లే. అంటే వినపడే తేడాలో ఎక్కువ భాగం చేతులదే అనుకోవచ్చు. 'గొంతు మాత్రమే' నొక్కాను. హాంక్ గొంతు ఒక్కటే వస్తుందనుకుంటే, అతను ఊపిరి తీసుకునే సందుల్లో హెల్మ్స్ స్టీల్ కూడా వచ్చింది. ఫిడేలు పోయింది, బేస్ పోయింది, స్టీల్ మిగిలింది. యాప్ దాన్ని రెండో గాయకుడనుకుందన్నమాట.

ఇంతకన్నా ఏం కావాలి? ఆ సందుల్ని లూప్‌లో పెట్టుకుని రాత్రిళ్ళు విన్నాను. హెల్మ్స్ పై తీగల దగ్గరే ఉంటాడు, స్వరం మీదికి చేరీ చేరకముందే వణుకు మొదలవుతుంది, వాక్యం చివర సాగదీయడు. బర్డ్ అలా కాదు. మెత్తగా చేరతాడు, చేరాక ఒక్క క్షణం ఊరుకుంటాడు, అప్పుడు వణికిస్తాడు. ఆ క్షణం ఊరుకోవడం ఉంది చూశారూ, అది ఒకసారి పట్టుబడ్డాక ఫిడేలు మీదపడి గోలచేస్తున్నా బర్డ్‌ని గుర్తుపట్టడం నాకు కష్టం కాలేదు. ఇదంతా నా చెవి మాట. వేరేవాళ్ళు వేరే ఆనవాళ్ళు చెప్తారు.

అసలు తమాషా ఇంటి కాసెట్లతో జరిగింది. నేను పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. అక్కడ తెలుగు ఇళ్ళకి కొదవలేదు, హవాయి గిటార్ (స్టీల్ గిటార్‌కి అక్కడి పేరు) నేర్చుకునే పిల్లలకీ కొదవలేదు. బెంగాల్‌కి ఆ వాద్యం మీద మోజు ఇవాళ్టిది కాదు. టౌ మో అనే హవాయి కళాకారుడు 1940లలో కోల్‌కతాలోనే ఉండి వాయించాడు, శిష్యుల్ని తయారుచేశాడు. ఆ తర్వాత వచ్చిన సునీల్ గంగూలీ, బటుక్ నంది, కవి నజ్రుల్ ఇస్లాం కొడుకు కాజీ అనిరుద్ధ గార్ల రికార్డులు మా వీధిలో పూజపందిళ్ళ మైకుల్లో మోగేవి. మా అన్నయ్య వాటిని ఎక్కడెక్కడినుంచో కాసెట్లకి ఎక్కించాడు. పేర్లు రాయడం మాత్రం ఆయనకి చేతకాదు. 'గిటార్ 1', 'గిటార్ 2', అంతే.

అలాంటి ఒక కాసెట్‌ని కంప్యూటర్లోకి ఎక్కించి యాప్‌కి ఇచ్చాను. 'గొంతు మాత్రమే' నొక్కితే గిటార్ మొత్తం నిక్షేపంలా వచ్చింది. 'గొంతు తీసెయ్' నొక్కితే తబలా, దాని వెనక అకార్డియన్ మిగిలాయి, గిటార్ మాయం. పక్కన కూర్చున్న మా తమ్ముడి కూతురు, "పెదనాన్నా, ఇందులో ఎవరూ పాడట్లేదుగా, గొంతు ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగింది. మంచి ప్రశ్నే. కోల్‌కతావాళ్ళు గిటార్ మీద పాటని వాయించరు, పాడతారు. మాట విరిగేచోట మీటుతారు, దీర్ఘం ఉన్నచోట మళ్ళీ మీటకుండా బార్ జరిపి లాగుతారు, గాయకుడు ఊపిరి తీసుకునేచోట వీళ్ళూ ఆగుతారు. మనుషుల పాటలు విని గొంతంటే ఇది అని నేర్చుకున్న యంత్రం అలా మోసపోయిందంటే, నా దృష్టిలో ఆ వాయించిన చేతికి అంతకుమించిన సర్టిఫికెట్ లేదు. ఆ కాసెట్లలో చాలా పాటలకి తబలా తీసేసి విన్నాకే ఇది ఫలానావారి చేయి అనే ధీమా వచ్చింది.

ఆ ఊపులో కనిపించినవాళ్ళందరికీ ఈ యాప్ కొనుక్కోమని చెప్పాను.

తర్వాత అప్‌డేట్ వచ్చింది. 'మరింత కచ్చితమైన గొంతు' అని దాని గురించి గొప్పగా రాసుకున్నారు. నిజంగానే కచ్చితమైంది. ఇప్పుడు 'గొంతు మాత్రమే' నొక్కితే హాంక్ ఒక్కడే వస్తాడు, అతను ఆగిన సందుల్లో నిశ్శబ్దం. హెల్మ్స్ వెళ్ళి ఫిడేలు, రిథమ్ గిటార్‌తో కలిసి 'ఇతర వాద్యాలు' అనే గంపలో పడ్డాడు. అన్నయ్య కాసెట్ ఇచ్చి చూస్తే ఇంకా ఘోరం. గొంతు ట్రాక్ ఖాళీ. గిటార్, అకార్డియన్, క్యాసెట్ హిస్ అన్నీ ఒక్కచోటే, అంటే నేను యాప్ కొనక ముందు ఎలా ఉండేవో అలాగే. డ్రమ్స్‌కి, బేస్‌కి, పియానోకి విడివిడిగా గదులిచ్చారు. ఎలక్ట్రిక్ గిటార్‌కీ ఇచ్చారు, కానీ స్టీల్‌ని ఆ గదిలోకి రానివ్వరు. లాగీ లాగీ వాయిస్తుంది కదా, అది వాళ్ళ లెక్కలో గిటార్‌లా లేదేమో.

వాళ్ళకి మెయిల్ పెట్టాను. పాత పద్ధతిని కూడా ఒక ఆప్షన్‌గా ఉంచమని అడిగాను. మర్యాదగానే జవాబిచ్చారు: వాద్యం గొంతు ట్రాక్‌లోకి రావడం లోపం, దాన్ని సరిచేశాం, మీ సహకారానికి ధన్యవాదాలు. వాళ్ళ వైపునుంచి చూస్తే తప్పు పట్టడానికేం లేదు, కరావోకే పాడుకునేవాడికి మధ్యలో స్టీల్ వస్తే చిరాకే. నాకు మాత్రం ఏడాది చందా ముందే కట్టించుకుని, నేను డబ్బిచ్చిన ఒక్క వస్తువునీ పట్టుకుపోయినట్టయింది.

అదృష్టం కొద్దీ బీరువాలో పడున్న పాత ఫోన్‌లో పాత వెర్షన్ ఉండిపోయింది. దాన్ని నెట్‌కి తగిలించకుండా, ఆటో అప్‌డేట్ ఆపేసి, ఇప్పుడు ఈ పనికి అదే వాడుతున్నాను. విడదీసే పని ఫోన్‌లోనే జరుగుతుంది కాబట్టి నడుస్తోంది. కాకపోతే అప్పుడప్పుడూ లాగిన్ అడుగుతుంది, అడిగినప్పుడల్లా టెన్షన్. నెట్ ఆన్ చేసిన ఆ కాసేపట్లో ఎక్కడ అప్‌డేట్ అయిపోతుందోనని.

ఇంత మెచ్చుకున్నాను కదా, పాత వెర్షన్ కూడా అందరి విషయంలో పనికొస్తుందని కాదు. వాడగా వాడగా తేలిందేమిటంటే అది ఎడమచేతిని ఉంచుతుంది, కుడిచేతిని పారేస్తుంది. వణుకు, జారు గొంతు ట్రాక్‌లోకి భద్రంగా వస్తాయి. పిక్ తీగకి తగిలిన ఆ మొదటి టక్కు మాత్రం అటూ ఇటూ చెదిరిపోతుంది. బర్డ్‌కి, కోల్‌కతావాళ్ళకి దానివల్ల పెద్ద నష్టం లేదు. మిల్టన్ బ్రౌన్ బృందంతో 1935లో రికార్డులు చేసిన బాబ్ డన్ సంగతి వేరు. అతను బాకా ఊదినట్టు పొట్టి పొట్టి స్వరాలు గట్టిగా కొట్టి వదిలేస్తాడు, వాయింపంతా ఆ దెబ్బలోనే ఉంది. విడదీసి వింటే ఎవరో బద్ధకంగా వాయిస్తున్నట్టు వినపడింది. మెర్ల్ హాగర్డ్ 1960ల పాటల్లో వినపడే రాల్ఫ్ మూనీకీ అదే గతి. అతని గెంతులాటంతా కుడిచేతిదే.

పెడల్స్ వచ్చాక ఇంకో చిక్కు. 1953 చివర్లో రికార్డయి మరుసటి ఏడాది పెద్ద హిట్టయిన వెబ్ పియర్స్ 'స్లోలీ' మొదట్లో బడ్ ఐజాక్స్ స్టీల్ ఉంటుంది. రెండు తీగలు కలిపి మీటి, ఒకటి మోగుతూ ఉన్నచోటే ఉండగా రెండోదాన్ని పెడల్‌తో పైకి లాగుతాడు. బార్‌ని తిన్నగా జరిపితే తీగలన్నీ కలిసే జరుగుతాయి, అలా ఒకటి నిలబడి ఒకటి కదలడం కుదరదు. బార్‌ని వాలుగా తిప్పి కాస్త దగ్గరికి తేవచ్చు గానీ, అప్పుడు నిలబడ్డ తీగ కూడా కొంచెం చలిస్తుంది. ఆ పాట నచ్చి ఎంతోమంది తమ గిటార్లకి పెడల్స్ తగిలించుకున్నారు. మొదట్లో కోటు హ్యాంగర్లు వంచి సొంతంగా అమర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఊరూపేరూ లేని రికార్డు చేతికొస్తే నేను ముందు వినేది ఇదే: నిలబడ్డ తీగ నిజంగా నిలబడిందా? నిలబడితే అది పెడల్, అప్పుడు బర్డ్‌ని, హెల్మ్స్‌ని పక్కన పెట్టేయొచ్చు. పాత యాప్ ఏం చేసిందంటే, కదిలే తీగని గొంతనుకుని ఒక ట్రాక్‌లోకి, కదలని తీగని ఇంకో ట్రాక్‌లోకి తోసింది. విడివిడిగా వింటే పెడలో బార్ జారుడో తేల్చడం నావల్ల కాలేదు. ఇలాంటివి పాటని ముట్టుకోకుండా వినాల్సిందే.

వేగం తగ్గించే స్లైడర్ గురించి ఒక్క మాట. శ్రుతి మారకుండా నెమ్మది చేస్తుంది, స్వరాలు రాసుకోవడానికి బాగుంటుంది. మనిషిని పోల్చుకోవడానికి మాత్రం వద్దు. సగం వేగంలో అందరి వణుకూ ఒకేలా నత్తనడక నడుస్తుంది. శ్రుతి సర్దే మీట మాత్రం నాకు తరచూ అవసరపడింది. పాత 78 రికార్డులన్నీ సరిగ్గా నిమిషానికి 78 చుట్ల వేగంలో రికార్డు చేసినవి కావు, కొన్ని కంపెనీలు 80 వాడేవి. ఆ తేడాకే అర్ధస్వరంలో మూడోవంతుకి పైగా శ్రుతి మారుతుంది. అది సరిచేయకుండా ఎవరు ఏ ట్యూనింగ్ వాడారో మాట్లాడటం అనవసరం.

మరి కొనాలా? మీది పాత వెర్షన్ కాదు కాబట్టి నాకు దొరికిన సుఖం మీకు దొరకదు. మీకు కావలసింది 1920ల హవాయి రికార్డులైతే, సోల్ హూపీ లాంటివాళ్ళైతే, పాతా కొత్తా రెండూ దండగే. ఆ గరగర శబ్దంలో గిటార్ ఎక్కడ ముగుస్తుందో రెండింటికీ తెలియలేదు. కోల్‌కతా గిటార్ మీద ప్రేమ ఉంటే ఒక్క నెల చందా కట్టి మీ దగ్గరున్న రికార్డుతోనే పరీక్షించండి. అకార్డియన్ లేకుండా తబలా మాత్రమే ఉన్నవాటికి కొత్త వెర్షన్ కూడా ఫర్వాలేదనిపించింది. నేను ఏడాది చందా మానేసి నెలవారీకి మారాను. పాత ఫోన్ లాగిన్ అడిగిన నెలలో కడతాను, అడగని నెలలో మానేస్తాను. 'గిటార్ 2' కాసెట్‌లో రెండో వైపు ఉన్నది బటుక్ నంది గారే అని నేను, కాదు సునీల్ గంగూలీ అని అన్నయ్య ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. ఈ విషయంలో యాప్ ఎవరి పక్షమూ వహించలేదు.