ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో ఎనిమిదేళ్లు

నా కీబోర్డు మీద అన్నిటికంటే ముందు చెరిగిపోయింది డి అక్షరం. భారతీయ భాషల కోసం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికలో పొల్లు ఉండేది ఆ కీ మీదే. ఏ ఒత్తు రావాలన్నా ముందు దాన్ని కొట్టాలి. షిఫ్ట్ పట్టుకుని కొడితే అదే కీ అ అవుతుంది. అంటే అమ్మ అని రాస్తే రెండుసార్లు, జ్యోత్స్న అని రాస్తే మూడుసార్లు దాని మీద దెబ్బ పడుతుంది. కొత్తగా చూసేవాళ్లు అక్కడ ఏ అక్షరం ఉండాలో లెక్కేసుకుని చెప్పాలి.

నా రోజు ఎలా గడుస్తుందో ముందే చెప్పాలి, లేకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. పగలంతా ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇంగ్లీషులో గైడ్లు రాయడం. పొద్దున ఐదు నుంచి ఆరున్నర దాకా నా నవల. అది నాలుగేళ్లుగా ముగింపుకొచ్చేసిందనే చెబుతున్నాను. రాత్రి తొమ్మిది దాటాక సబ్‌టైటిళ్ల అనువాదం, నెలకో కాలమ్, అప్పుడప్పుడూ ఎవరిదో పుస్తకానికి ప్రూఫు. వీటి మధ్యలో, నువ్వెలాగూ రాస్తావు కదా, ఒక్క చిన్న ఉత్తరం రాసిపెట్టు అనే బంధువులు. ఆ చిన్న ఉత్తరం ఎప్పుడూ రెండు పేజీలకు తక్కువ ఉండదు. ఇన్ని ముక్కలైన రోజులో ఒక కీబోర్డు పద్ధతి ఎంత సాయపడింది, ఎంత విసిగించింది అన్నదే నేను చెప్పగలిగేది.

అంతకుముందు అందరిలాగే ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునేదాన్ని. తొందరగా వచ్చేస్తుంది, నేర్చుకోవాల్సిందేమీ లేదు. కానీ ఒక సాధనంలో టి కొడితే త వస్తుంది, ఇంకోదానిలో అదే కొడితే ట. పెద్ద ఎన్‌కు ణ, పెద్ద ఎల్‌కు ళ అని ఒకచోట అలవాటయ్యాక, ఇంకోచోట అవి చూపించే జాబితాలోంచి ఏరుకోవాలి. నెట్ ఉంటేనే పనిచేసేవి కొన్ని. నెట్ పోయిన రోజు తెలుగు కూడా పోయేది. అన్నిటికంటే ఇబ్బంది ఏమిటంటే, మాట తెలుగులో తడుతుంది, దాన్ని మనసులోనే ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చుకుని, తెర మీద మళ్లీ తెలుగులోకి రప్పించుకోవాలి. పగలు ఎనిమిది గంటలు ఇంగ్లీషు కొట్టొచ్చిన చేతులకు రాత్రి కూడా అదే పని. వాక్యాలు కూడా ఆ వాసనే కొట్టడం మొదలుపెట్టాయని ఒక ఎడిటర్ అన్నప్పుడు బాధపడ్డాను కానీ కాదనలేకపోయాను.

ఇన్‌స్క్రిప్ట్ కొత్తదేం కాదు. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ చేయించిన అమరిక, 1991లో భారతీయ ప్రమాణాల్లోకి ఎక్కింది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ముందే ఉంటుంది, సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే చాలు. గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కుడి చెయ్యి ఊరికే ఆనించే వరుసలో హెచ్, జె, కె, ఎల్ మీద ప, ర, క, త ఉంటాయి. షిఫ్ట్ పట్టుకుంటే ఫ, ఱ, ఖ, థ. ఎడమ చేతి కింద ఎఫ్ మీద గుడి, జి మీద కొమ్ము, ఎస్ మీద ఏత్వం. హల్లు కొట్టి గుణింతం కొడతాం కాబట్టి రెండు చేతులూ వంతులేసుకున్నట్టు కదులుతాయి. వేగం పెరిగాక ఈ లయ భలే ఉంటుంది. మ, న, వ మాత్రం ఎందుకో ఎడమవైపు కింది వరుసలో పడ్డాయి. మన అని రాయాలంటే ఒకే వేలితోనో పక్క వేలితోనో తడుముకోవాలి. ఎనిమిదేళ్లయినా నాకు అక్కడ కొంచెం తడబాటే.

నేర్చుకునే రోజులు మాత్రం నరకం. నేను రెండు ముందే అనుకున్నాను. కీబోర్డు మీద స్టిక్కర్లు అంటించను, డబ్బులొచ్చే పని దీంతో చెయ్యను. స్టిక్కర్లుంటే కళ్లు కిందకే పోతాయి, వేళ్లకు ఎప్పటికీ రాదు. అందుకే అమరిక బొమ్మ ప్రింటు తీసి గోడకు అంటించాను. సబ్‌టైటిళ్లూ కాలమూ పాత పద్ధతిలోనే, నవల మాత్రం ఇన్‌స్క్రిప్ట్‌లో. మొదటి వారం గంటన్నర కూర్చుంటే అర పేజీ. ఛ ఎక్కడుందో వెతికేలోపు పాత్ర చెప్పబోయిన మాట మర్చిపోయేదాన్ని. ఒకరోజు కోపమొచ్చి ఆ పాత్రనే తీసేశాను. ఆరో వారంలో గోడ వైపు చూడటం తగ్గింది. మూడో నెలలో పాత వేగం వచ్చింది. ఆ తర్వాత ఒక రాత్రి కాలమ్ కూడా అలవాటులో దీంతోనే రాసేశానని పంపాక గానీ గమనించలేదు.

రోజువారీ పనిలో దీనివల్ల నాకు ఎక్కువ కలిసొచ్చింది బ్యాక్‌స్పేస్ దగ్గర అంటే నవ్వుతారేమో. కి అని రాశాక కీ కావాలనుకోండి. ఒక్కసారి వెనక్కి కొడితే గుడి మాత్రమే పోయి క మిగులుతుంది, దానికి దీర్ఘం ఇచ్చుకోవడమే. పాత పద్ధతిలో చాలాసార్లు మాట మొత్తం చెరిపి మళ్లీ స్పెల్లింగు కొట్టాల్సొచ్చేది. ప్రూఫు చూసేటప్పుడు ఇది ఎంత సమయం మిగులుస్తుందో చేసేవాళ్లకే తెలుస్తుంది. రెండోది, చూడకుండా కొట్టగలగడం. సబ్‌టైటిల్ పనిలో కళ్లు వీడియో మీద, చెవులు మాట మీద ఉండాలి. జాబితాలోంచి మాట ఏరుకునే పద్ధతిలో చూపు ప్రతిసారీ కిందకి దిగి రావాలి. ఇప్పుడా అవసరం లేదు. మీటింగ్ మొదలవడానికి ముందు దొరికే పది నిమిషాల్లో నవలలో నాలుగు లైన్లు పడుతున్నాయంటే దీని చలవే. ఆ పది నిమిషాల్లో మూడు నిమిషాలు సాధనంతో కుస్తీ పడితే ఇంకేం రాస్తాం.

అనుకోకుండా దొరికింది ఇంకోటి ఉంది. ఈ అమరిక భారతీయ లిపులన్నిటికీ దాదాపు ఒకటే. కె కొడితే తెలుగులో క వస్తుంది, కన్నడంలో వాళ్ల క, హిందీలోనూ అంతే. ఒక పుస్తకం ప్రూఫులో హిందీ పద్యపాదాలు వస్తే, భాష మార్చుకుని వేళ్లకు తెలిసిన చోటే కొట్టుకుంటూ పోయాను. అక్షరాలు చదవగలిగితే చాలు, టైపింగ్ విడిగా నేర్చుకోనక్కర్లేదు.

ఇక విసుగుల సంగతి. రోజుకు యాభైసార్లు ఇంగ్లీషుకూ తెలుగుకూ మారే మనిషికి ఇది పెట్టే బాధ అంతా ఇంతా కాదు. ఏ భాషలో ఉన్నామో చూపించే గుర్తు తెర మూల ఎక్కడో చిన్నగా ఉంటుంది. పనిలో మునిగినవాళ్లకు అది కనపడదు. మేనేజర్ ఏదో అడిగితే, తెలుగు మోడ్‌లోనే సరేనని కొట్టి పంపేశాను. అర్థం లేని నాలుగు హల్లులూ, పక్కన చుక్కల సున్నా మోస్తున్న ఒక గుణింతం గుర్తూ వెళ్లాయి. ఆరోగ్యం బాగానే ఉందా అని తిరిగి అడిగారు. దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. ఇంగ్లీషు మోడ్‌లో ఉండి తెలుగు అనే మాట కొడితే ఎల్, జెడ్, ఎన్, జి, ఐ, జి అని పడుతుంది. తల ఎత్తకుండా ఒక పేరా అంతా అలా కొట్టిన రోజులున్నాయి. పాస్‌వర్డ్ పెట్టెలో అయితే కనిపించేవి చుక్కలే కాబట్టి తప్పు ఎక్కడుందో తెలియదు. మూడుసార్లు కొట్టి, ఖాతా లాక్ చేయించుకుని, ఐటీ వాళ్లకు ఫోన్ చేసి, కారణం చెప్పడానికి మొహమాటపడి, మర్చిపోయానండీ అని అబద్ధమాడాను.

ఇంట్లోవాళ్లకు ఇది ఇంకా వింత. హోంవర్కు కోసం నా ల్యాప్‌టాప్ తీసుకున్న మావాడు కాసేపటికే వచ్చి, అమ్మా, నీ కీబోర్డు పాడైపోయింది, ఇంగ్లీషు ఏ నొక్కితే ఓత్వం వస్తోంది అన్నాడు. పాడవలేదురా, ఓత్వం ఉండేది అక్కడే అన్నాను. అయితే ఏ ఎక్కడుంటుంది అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే.

కొన్ని తలనొప్పులు కీబోర్డువి కావు, కానీ తెలుగు టైపు చేసి బతికేవాళ్లందరివీ. సబ్‌టైటిల్ వరుసకు 42 క్యారెక్టర్లు మించకూడదని క్లయింటు నిబంధన. స్త్రీ అనేది కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు. ఇంగ్లీషు కోసం పెట్టిన ఆ హద్దులో తెలుగు వాక్యం కూర్చోబెట్టడానికి ఒత్తులు తక్కువున్న మాటలు వెతుక్కున్న రాత్రులున్నాయి. స్త్రీ బదులు ఆమె అని, ప్రశ్నించాడు బదులు అడిగాడు అని. ఒకందుకు మంచిదే, అనువాదం తేటపడింది. కానీ నేను రాసేది కథ అయినప్పుడు కూడా వేళ్లు ఆ లెక్కలే వేస్తుంటే చిరాకేస్తుంది.

ఇంకోటి, కనపడని అక్షరం. సాఫ్ట్‌వేర్ అని రాయాలంటే ట్‌కీ వేకీ మధ్య, రెండిటినీ కలవనివ్వని ఒక గుర్తు పెట్టాలి. జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. అది లేకపోతే వ పోయి ట కింద ఒత్తుగా కూర్చుని సాఫ్ట్వేర్ అవుతుంది. ఫోన్‌లో, బస్‌లో, ఆఫీస్‌కి, ఇలా ఇంగ్లీషు మాట పక్కన తెలుగు ప్రత్యయం వచ్చిన ప్రతిచోటా ఇదే. దాన్ని ఎలా రప్పించాలన్నది ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోలా ఉండటంతో, చివరికి నేనే దానికొక కీ కేటాయించుకున్నాను. ఇంత కష్టపడి పెట్టిన గుర్తులన్నీ పుస్తకం డీటీపీకి వెళ్లాక పోతాయి. యూనికోడ్ వద్దు మేడమ్, పాత ఫాంట్‌లోకి మార్చి పంపండి అంటారక్కడ. మార్చి పంపితే జ్యోత్స్న ఒత్తులు చెల్లాచెదురవుతాయి, కలవకూడదన్నవి కలుస్తాయి. ఆ తప్పులు మళ్లీ ప్రూఫుకు నా దగ్గరికే వస్తాయి. నేను సరిగ్గా రాసిన పేజీని, తప్పుగా మార్చి తెచ్చిన కాగితం మీద ఎర్ర పెన్నుతో నేనే దిద్దుతాను. ఈ పనికి విడిగా డబ్బులేమీ రావు.

ఫోన్‌లో ఇన్‌స్క్రిప్ట్ నాకు పడలేదు. అంత చిన్న తెర మీద అన్ని కీలు ఇరుక్కుని ఉంటే వేళ్ల జ్ఞాపకం పనికిరాదు. ఫోన్‌లో నోటితో చెప్పి రాయిస్తాను. నడుస్తూ తట్టినదాన్ని పట్టుకోవడానికి అది బాగుంటుంది. పాత్రల యాసంతా పుస్తక భాషలోకి దిద్దేస్తుంది కాబట్టి దాన్ని ముడిసరుకుగానే చూడాలి. పైగా తెల్లవారుజామున ఐదింటికి, ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే, గదిలో కూర్చుని హత్య సన్నివేశం బయటికి చదవలేం కదా.

వారానికి ఒకటి రెండు మెసేజీలు మాత్రమే తెలుగులో రాసేవాళ్లకు దీన్ని నేర్చుకోమని చెప్పను. ఆ రెండు నెలల బాధకు తగ్గ ఫలితం వాళ్లకు దొరకదు. ఇప్పుడు విండోస్‌లో, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది, అది సరిపోతుంది. రోజుకు వెయ్యి మాటలైనా తెలుగులో రాసేవాళ్లు మాత్రం ఒకసారి పట్టుదలగా కూర్చోవచ్చు. అది కూడా మీద పెద్ద డెడ్‌లైన్ లేని నెలల్లో. అలాంటి నెలలు రాసేవాళ్లకు ఎప్పుడొస్తాయని అడక్కండి, నాకూ రాలేదు.

ఇంకో లోపం చెప్పడం మర్చిపోయాను, నిజానికి నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. ఎల్‌కు కుడివైపున్న కీ మీద చ, షిఫ్ట్‌తో ఛ. దాని పక్కన, మామూలుగా కొటేషన్ మార్కు ఉండే చోట ట, షిఫ్ట్‌తో ఠ. అంటే తెలుగు మోడ్‌లో కోలన్ లేదు, కొటేషన్ మార్కులు లేవు. కథలో ఎవరైనా నోరు విప్పితే ఇంగ్లీషుకు మారి మార్కు పెట్టి, మళ్లీ తెలుగుకు వచ్చి మాట రాసి, మూయడానికి మళ్లీ ఇంగ్లీషుకు పోవాలి. ఇద్దరు మనుషులు గట్టిగా పోట్లాడుకునే సన్నివేశం రాస్తే చేతులు నొప్పెట్టేవి. కొన్నాళ్లు ముందు మార్కుల్లేకుండా రాసి, పంపేముందు పెట్టుకునేదాన్ని. తర్వాత ఆ పంపేముందు అనే సమయం కూడా దొరక్క పూర్తిగా మానేశాను. మొన్న ఒక పత్రిక నుంచి ఎడిటర్ గారు ఫోన్ చేశారు. మీ కథల్లో సంభాషణలకు కొటేషన్ మార్కులు ఉండవు, మాటా మనసూ కలిసిపోయినట్టు భలే ఉంటుంది, కావాలనే ఎంచుకున్న శైలేనా అని అడిగారు.

అవునండీ అన్నాను.