పాత పెంటియంలో వినాంప్ 2.95: హార్డ్ డిస్క్ కుదిరితేనే పాట కుదురుతుంది

బరంపురంలోని మా ఇంట్లో పాటలు వినడానికి ఇప్పటికీ పెంటియం ఎంఎంఎక్స్ కంప్యూటరే దిక్కు. 200 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, సౌండ్ బ్లాస్టర్ 16 కార్డు, విండోస్ 98 సెకండ్ ఎడిషన్, అందులో పాటలు వినిపించే ప్రోగ్రామ్ వినాంప్ 2.95. ఏళ్ల తరబడి వాడిన మీదట చెబుతున్నాను, ఈ తరం యంత్రానికి ఇంతకంటే నమ్మకమైన ప్లేయర్ నాకు తారసపడలేదు. అయితే ముందు హార్డ్ డిస్క్‌ను దారికి తెచ్చుకోవాలి. పాట తెగి తెగి వస్తే అందరూ ప్రాసెసర్‌ను ఆడిపోసుకుంటారు. నేను చూసినంతలో కారణం ఎక్కువగా డిస్క్ దగ్గరే ఉంటుంది.

128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3కి సెకనుకు 16 కిలోబైట్లు చదివితే చాలు. ఎంత ముసలి డిస్క్‌కైనా అది పెద్ద బరువు కాదు. చిక్కంతా పీఐఓ పద్ధతితో వస్తుంది. అందులో డిస్క్ నుంచి వచ్చే ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోసుకురావాలి, ఎంపీ3ని విప్పి ధ్వనిగా మార్చే పనీ దానిదే. పక్కన ఒక ఫోల్డర్ కాపీకి పెడితే పాట నత్తి కొడుతుంది. డీఎంఏ ఆన్ చేస్తే డిస్క్‌లోని సమాచారం నేరుగా మెమరీలోకి వెళ్తుంది. డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిచి, సెట్టింగ్స్‌లో డీఎంఏ గడికి టిక్కు పెట్టి, కంప్యూటర్‌ను మళ్లీ స్టార్ట్ చేయాలి. ఆ ఒక్క టిక్కుతో మా యంత్రం తీరే మారిపోయింది. కొత్త ఫైళ్లు కాపీ అవుతున్నా పాట సాగిపోతూనే ఉంటుంది.

డిస్క్ పరిమాణం ఇంకో సంగతి. 1999కి ముందటి చాలా బయోస్‌లు (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లు) 32 జీబీ దాటిన డిస్క్ కనబడగానే బిగుసుకుపోతాయి. నా 40 జీబీ డిస్క్‌కు వెనక ఉన్న జంపర్ (పిన్నులను కలిపే చిన్న తొడుగు) మార్చి 32 జీబీకి కుదించాను. మిగతాది వృథా అయినా బాధ లేదు, 128 కేబీపీఎస్ లెక్కన 32 జీబీలో 550 గంటల పాటలు పడతాయి. విండోస్‌కు చిన్న సీ డ్రైవ్, పాటలకు వేరుగా డీ డ్రైవ్ పెట్టుకోవడం మంచిది. మా వైపు కరెంటు పోకకు వేళాపాళా ఉండదు. వచ్చాక డిస్క్‌ను తనిఖీ చేసే స్కాన్‌డిస్క్ నీలి తెర మొదలైతే, సీ చిన్నదిగా ఉన్నప్పుడు తొందరగా ముగుస్తుంది.

ఇంత శ్రమా మా పెదనాన్న క్యాసెట్ల కోసం. ఆయన పట్టు మగ్గం మీద పనిచేసేవారు. హరికథలు, బుర్రకథలు, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్రలో రికార్డు చేసిన డప్పుల మోత, అన్నీ ఎంపీ3లుగా మార్చాను. క్యాసెట్‌లోని బుసబుస శబ్దం కూడా బిట్లు తినేస్తుంది కాబట్టి, వీటికి 128 చాలదు, 192 వాడాలి. వినేటప్పుడు, ధ్వనిలోని ఒక్కో స్థాయిని విడిగా పెంచి తగ్గించే వినాంప్ ఈక్వలైజర్ ఎంతో సాయం చేస్తుంది. పది పట్టీల్లో చివరి మూడు, అంటే 12, 14, 16 కిలోహెర్ట్జ్‌లను కాస్త కిందికి లాగితే బుస తగ్గుతుంది, హరిదాసు గొంతు మాత్రం చెక్కుచెదరదు. చిడతల మెరుపు కొంత తగ్గుతుంది, అంతవరకు ఒప్పుకోవాలి.

ప్లేలిస్ట్‌ను పాటలున్న ఫోల్డర్‌లోనే సేవ్ చేయండి. అప్పుడు ఆ ప్లేలిస్ట్ ఉండే ఎం3యూ ఫైల్‌లో పాటల పేర్లే ఉంటాయి, డ్రైవ్ అక్షరం ఉండదు. ఫోల్డర్‌ను మరో డిస్క్‌లోకి మార్చినా జాబితా పనిచేస్తుంది. ఈ కారణంగానే ఇచ్ఛాపురంలో మా చెల్లెలి ఇంట్లో దాచిన నకలు అక్కడి కంప్యూటర్‌లో ఇబ్బంది లేకుండా పాడుతుంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి నుంచి ఒకే డిస్క్‌ను నమ్ముకోవడం మానేశాను.

నాకు నిజంగా కష్టం కలిగించే లోపం ఒకటుంది. విండోస్ 98కి తెలుగు యూనికోడ్ తెలియదు. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లను ముందే ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకోవాలి. మన హరికథకు మన అక్షరాల్లో పేరు చూసుకోలేకపోవడం ప్రతిసారీ మనసుకు కొరతగానే ఉంటుంది.

2002లో వచ్చిన వినాంప్ 3 ఈ యంత్రానికి బరువు, దాని జోలికి వెళ్లకండి. 2.95ను ఎక్కించేటప్పుడు కూడా మీడియా లైబ్రరీని వదిలేయండి. తెర నిండా రంగులు ఆడించే ఏవీఎస్‌ను ఆపేయండి, ప్లేయర్‌లోని చిన్న గీతల ప్రదర్శన చాలు. డిస్క్ గరగర మరీ పెరిగితే దాని బదులు ఐడీఈ అడాప్టర్ మీద కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, డిస్క్‌కు వాడే 40 పిన్నుల కేబుల్‌కే అది తగులుతుంది. నా డిస్క్ ఇంకా ఆ స్థితికి రాలేదు.