సోలార్‌క్యాన్: నెలల తరబడి ఎక్స్‌పోజర్‌కు హైదరాబాద్ డాబా మీద పనికొస్తుందా?

సోలార్‌క్యాన్ కూల్‌డ్రింక్ డబ్బా రూపంలోని కెమెరా. లెన్సు లేదు, బ్యాటరీ లేదు. సూదిమొనంత రంధ్రం, లోపల చుట్టి పెట్టిన 5×7 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ ఫోటో పేపరు, అంతే. రంధ్రం మీది నల్లమూత తీసి కదలకుండా కట్టి వదిలేస్తే సూర్యుడు రోజూ నడిచిన దారి ఒక్కో గీతగా పడుతుంది. మబ్బు పట్టినచోట గీత తెగుతుంది. 2017లో కిక్‌స్టార్టర్ (జనం ముందే డబ్బు వేసి సరుకు తయారు చేయించుకునే వెబ్‌సైటు) ద్వారా బ్రిటన్ నుంచి వచ్చిన సరుకిది.

డబ్బాను దక్షిణానికి తిప్పి నిలువుగా కట్టమనేది మామూలు సలహా. మనకు అదే దెబ్బ కొడుతుంది. డిసెంబర్ 21 మధ్యాహ్నం లండన్‌లో సూర్యుడి ఎత్తు 15 డిగ్రీలు, హైదరాబాద్‌లో 49. జూన్‌లోనైతే ఇక్కడ నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే పోతాడు. 66 మి.మీ. వ్యాసమున్న డబ్బాలో, ఎదురుగా సుమారు 45 డిగ్రీలకన్నా ఎత్తు నుంచి వచ్చే ఎండ కాగితం కింది అంచు దాటిపోతుంది. రెండు పక్కలా గీతలు, నడుమ ఖాళీ!

కాబట్టి తూర్పుకో పడమరకో తిప్పండి. సూర్యుడు ఉదయించే చోటు ఇక్కడ ఏడాది మొత్తం మీద 50 డిగ్రీల మేరే అటూ ఇటూ జరుగుతుంది, డబ్బా చూపు 160 డిగ్రీలు. గీతలు కొద్దిగా దక్షిణానికి వాలి, దాదాపు నిలువుగా లేస్తాయి. భవనాల వెనక నుంచి లేస్తుంటే అదో అందం. డిసెంబర్ 21న మూత తీసి, జూన్ మొదట్లో వాన రాకముందే మూసేయండి. తడి చేరితే కాగితానికి బూజు పడుతుంది.

పిట్టగోడకు బిగించిన ఇనుప పైపుకు పైన, కింద రెండేసి కేబుల్ టైలు వేయండి. వాటర్ ట్యాంకు పైపు వద్దు, మోటారు వేసినప్పుడల్లా అదురుతుంది. సంక్రాంతికి మాంజా చుట్టుకోకుండా చూసుకోవాలి. ఫ్లైఓవర్‌కో వీధి స్తంభానికో మాత్రం కట్టకండి. 2016లో అట్లాంటాలో విద్యార్థులు ఇలాంటి డబ్బాను వంతెనకు కడితే పోలీసులు బాంబనుకుని హైవే మూసి పేల్చేశారు.

రాత్రి దీపాలు, ట్రాఫిక్ వెలుగులు ఇందులో పడతాయనుకుని కొనేవాళ్లకు నిరాశ తప్పదు. డెవలపర్ (బొమ్మను బయటికి తెచ్చే రసాయనం) లేకుండా కాగితం తనంతట నల్లబడాలంటే ఎండే కావాలి. కనిపించే రంగులు కూడా ఊరివి కావు, కాగితంలోని వెండి రేణువులవి. పైగా ఒక డబ్బాకు ఒకటే బొమ్మ, కోసి తీయాల్సిందే. చీకటి గది, చేతి ఓపిక ఉన్నవాళ్లు ఖాళీ డబ్బా, ఫోటో పేపరుతో సొంతంగా చేసుకోవచ్చు. సోలార్‌క్యాన్‌కు పెట్టే డబ్బు శుభ్రమైన రంధ్రానికి, లోపల సిద్ధంగా ఉన్న కాగితానికే.

కాగితాన్ని మసక వెలుతురులో తీయండి. డెవలప్ చేయొద్దు, బొమ్మను నిలిపే రసాయనమైన ఫిక్సరూ వద్దు, బొమ్మ వెలిసిపోతుంది. స్కానర్ దీపానికీ అది నల్లబడుతుంది కనుక ప్రివ్యూ లేకుండా 600 డీపీఐలో ఒకేసారి స్కాన్ చేసి, కంప్యూటర్‌లో ఇన్వర్ట్ చేసి (నలుపు తెలుపులు తారుమారు చేసి), కుడి ఎడమలు తిప్పండి. అసలు కాగితాన్ని నల్ల కవరులో దాచండి.